వినపడుతోందిగా, ఇంకేం కావాలి?

పోయిన డిసెంబర్లో హైదరాబాద్ బుక్ ఫెయిర్ బయట టీ తాగుతూ ఒక మిత్రుడు తన పని గురించి చెప్పాడు. డెబ్బై దాటిన కవుల్నీ కథకుల్నీ, ఊళ్లల్లో పాటలు పాడే ముసలమ్మల్నీ వెతుక్కుంటూ వెళ్లి వాళ్ల గొంతులు రికార్డు చేస్తున్నాడు. సొంత డబ్బులు, సెలవు రోజులు, పల్లెవెలుగు బస్సులు. వింటుంటే నిజంగానే అసూయ కలిగింది. అప్పటికి నలభై గంటలు పూర్తయ్యాయట.

"దేంట్లో చేస్తున్నావ్?" అని అడిగాను.

"ఫోన్లోనే. ఎంపీత్రీ. 64 మీద పెట్టాను, ఎక్కువ పడతాయని."

నా మొహం చూసి నవ్వాడు. "వినపడుతోందిగా, ఇంకేం కావాలి? కంటెంట్ ముఖ్యంరా, ఫార్మాట్ కాదు. మీ సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇదో పిచ్చి."

అక్కడ ఇంకో ఇద్దరు ఉన్నారు. వాళ్లూ తలూపారు. నేను అప్పుడు ఏమీ అనలేదు. అన్నా కూడా ఆ చలిలో, ఆ రద్దీలో సరిగా చెప్పగలిగేవాణ్ని కాదు. ఇప్పుడు చెప్తున్నాను. ఆ మాట తప్పు. కంటెంటూ ఫార్మాటూ వేర్వేరు అనుకోవడం పుస్తకాల విషయంలో కొంతవరకు చెల్లుతుందేమో. గొంతు విషయంలో చెల్లదు. కవిత్వంలో రూపం, సారం అంటూ గంటలు గంటలు కొట్టుకునే మనమే ఆడియో దగ్గరికి వచ్చేసరికి "రూపం ఏదైతేనేంలే" అనేస్తాం. 

ముందు నా తప్పు చెప్పుకుంటాను, లేకపోతే ఇదంతా పెద్ద నీతులు చెప్తున్నట్టు ఉంటుంది.

మా అమ్మమ్మది అవనిగడ్డ పక్కన పల్లె. 1977 నవంబర్ 19 ఉప్పెన చూసిన మనిషి. దివిసీమలో ఆ రాత్రి వేల మంది పోయారు. అమ్మమ్మ దాని గురించి మామూలుగా మాట్లాడేది కాదు. 1996 నవంబర్లో కోనసీమ తుఫాను వచ్చినప్పుడు మా ఇంట్లో ఉంది. టీవీలో ఆ కొబ్బరితోటలు పడిపోయి ఉండటం చూసి, ఏమనిపించిందో, రాత్రి అన్నాలయ్యాక తనంతట తనే మొదలుపెట్టింది. నాన్న గబగబా టేప్‌రికార్డర్ తెచ్చి, ఏదో సినిమా పాటల క్యాసెట్ పెట్టి, దాని మీదే రికార్డు చేశారు. నలభై నిమిషాలు. నీళ్లు ఎటువైపు నుంచి వచ్చాయి, ఎవరు తాటిచెట్టు ఎక్కారు, ఎవరు పశువుల్ని విప్పడానికి వెళ్లి తిరిగిరాలేదు. మధ్యలో నేను మంచినీళ్లు అడగడం కూడా ఉంది. నాకు అప్పుడు ఆరేళ్లు.

2008లో, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం, కొత్త కంప్యూటర్, నాకు అన్నీ తెలుసు. ఆ క్యాసెట్‌ని వాక్‌మన్ నుంచి ఒక వైరు పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించాను. వెనకాల ఫ్యాను మోత, టేపు బుసబుస. సాఫ్ట్‌వేర్లో "నాయిస్ రిడక్షన్" అని ఒక బటన్ కనిపించింది. దాన్ని గట్టిగా నొక్కాను, రెండుసార్లు. తర్వాత మోనో, 64 కేబీపీఎస్, ఎంపీత్రీ. ఫైలు 19 ఎంబీ వచ్చింది. గొప్పగా అనిపించింది. ఆ దసరాకి ఇల్లు దులుపుతూ అమ్మ క్యాసెట్లన్నీ పాతసామాన్ల వాడికి వేసేసింది. "కంప్యూటర్లో ఎక్కించావుగా" అంది. ఎక్కించాను మరి.

లెక్క చూడండి. అదే నలభై నిమిషాలు ఏమీ కుదించకుండా, సీడీ నాణ్యతలో మోనోగా పెట్టుకుంటే సుమారు 210 ఎంబీ. ఫ్లాక్‌లో దాచి ఉంటే దాదాపు సగం. అప్పుడు నా హార్డ్‌డిస్కులో ఒక్కోటీ 700 ఎంబీ ఉన్న పైరసీ సినిమాలు యాభైకి పైనే ఉన్నాయి. వాటిల్లో ఒక్క పేరూ ఇప్పుడు గుర్తు లేదు. ఒక్క సినిమా తీసేసి ఉంటే చాలు.

ఏం పోయిందని అడుగుతారు. నలభై నిమిషాల్లో చాలాభాగం వినపడుతుంది, నా మిత్రుడన్నట్టే. కానీ ఒకచోట అమ్మమ్మ గొంతు తగ్గించి, పక్కింటి వాళ్లలో పోయినవాళ్ల పేర్లు చెప్తుంది. మూడు పేర్లు. రెండు తెలుస్తాయి. మూడోది "...మయ్య" అని మాత్రమే మిగిలింది. సోమయ్యా, రామయ్యా, భీమయ్యా? ఆ మొదటి అక్షరం ఫ్యాను మోత కంటే నెమ్మదిగా పలికింది. నేను నొక్కిన బటను దాన్ని కూడా మోతే అనుకుని కోసేసింది. మిగిలినదాన్ని ఎంపీత్రీ ఇంకొంచెం నలిపింది. మా పెద్దమ్మ సోమయ్య అంటుంది, మామయ్య కాదంటాడు. అమ్మమ్మ 2003లోనే పోయింది. అడగటానికి ఎవరూ లేరు. ఇప్పుడున్న పనిముట్లతో ఆ అసలు టేపు మీద పనిచేస్తే ఆ అక్షరం బయటపడేదేమో. కానీ పనిచేయడానికి అసలంటూ ఉండాలి కదా. 

ఇక ఎంపీత్రీ సంగతి. దీన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. నిజానికి నాకు తెలిసిన అత్యంత తెలివైన ఇంజనీరింగ్ పనుల్లో అదొకటి. సీడీలో సెకనుకి 44,100 నమూనాలు, ఒక్కోటీ 16 బిట్లు, రెండు చానళ్లు. అంటే సెకనుకి 1,411 కిలోబిట్లు. ఎంపీత్రీ దాన్ని 128కి దించేస్తుంది. పదకొండో వంతు! ఎలా? మన చెవి బలహీనతల్ని వాడుకుని. పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దం చెవికి అందదు. పెళ్లిలో డోలు సన్నాయి మోగుతుంటే పక్కనున్నవాడి గుసగుస వినపడనట్టు. వినపడని దాన్ని దాచడం ఎందుకు, పారేద్దాం అన్నదే సూత్రం. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్, ఆయన సహచరులు దీని మీద ఏళ్లతరబడి పనిచేశారు. 1993లో ప్రమాణంగా వచ్చింది. ఒక ముచ్చట ఉంది ఇక్కడ. కుదింపుని పరీక్షించడానికి బ్రాండెన్‌బుర్గ్ మళ్లీ మళ్లీ విన్న పాట సుజాన్ వేగా పాడిన "టామ్స్ డైనర్". వాయిద్యాలు లేవు, ఒక్క ఆడగొంతు. పెద్ద ఆర్కెస్ట్రాలు సరిగ్గా వస్తున్నా ఆ ఒక్క గొంతు మొదట్లో ఘోరంగా వచ్చిందట. ఎందుకంటే ఒంటరి గొంతు వెనక తప్పు దాచుకోవడానికి ఏమీ ఉండదు. "మాటలే కదా, పాటలు కాదు కదా, తక్కువ బిట్‌రేట్ చాలు" అనేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

మా తరం సంగీతం విన్నదే ఎంపీత్రీ పుణ్యాన. కోఠిలో ఫుట్‌పాత్ మీద ముప్పై రూపాయలకి సీడీ, అందులో నూట యాభై పాటలు. 700 ఎంబీ సీడీలో 128 చొప్పున పన్నెండు గంటల పాటలు పడతాయి మరి. అది లేకపోతే ఘంటసాల పద్యాలు నేను జన్మలో వినేవాణ్ని కాదు. కాబట్టి వినడానికి ఎంపీత్రీ భేషుగ్గా ఉంటుంది. నా గొడవంతా దాచడం గురించి.

ఈ రెంటికీ తేడా మన వాళ్లు ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. లాస్‌లెస్ అంటే పట్టుచీరని మడతపెట్టి బీరువాలో పెట్టడం. చోటు తగ్గుతుంది, విప్పితే అంచుతో సహా మళ్లీ అదే చీర. లాసీ అంటే "ఈ కుచ్చిళ్లు లోపలికి పోతాయిగా, ఎవరికీ కనపడవు" అని వాటిని కత్తిరించేయడం. కట్టుకుని ఫోటో దిగితే తేడా తెలియదు. కానీ ఇంకో మనిషికి ఇంకోలా కట్టాలంటే?

ఆడియోని ఇంకోలా కట్టాల్సిన అవసరం తప్పకుండా వస్తుంది. రేపు ఎవరో ఆ నలభై గంటల్లోంచి పది నిమిషాలు తీసి పాడ్‌కాస్ట్ చేస్తారు. కోసి, అతికించి, మళ్లీ ఎంపీత్రీగా సేవ్ చేస్తారు. దాన్ని యూట్యూబ్‌లో పెడతారు, అది దాని పద్ధతిలో ఇంకోసారి కుదిస్తుంది. అక్కడినుంచి ఎవరో దించుకుని వాట్సాప్‌లో పంపుతారు. ప్రతి మెట్టు దగ్గరా కొంత కోత. మొదటి కోతలో చెవికి తెలియని తేడా నాలుగో కోతకి నీళ్లలో మాట్లాడుతున్నట్టు బుడబుడలాడుతుంది. జిరాక్సుకి జిరాక్సు తీసినట్టు. సర్టిఫికెట్ల జిరాక్సులు తీయించుకుంటూ పెరిగిన దేశానికి ఇది వేరే చెప్పాలా? ఒరిజినల్‌ని లామినేషన్ చేయించి ఇనప్పెట్టెలో పెట్టుకునే మనుషులం. గొంతుకి మాత్రం జిరాక్సు మిగిల్చి ఒరిజినల్ పారేస్తాం.

ఎంపీత్రీ తక్కువ బిట్‌రేట్‌లో ఎక్కడ తేలిపోతుందో కూడా చెప్తాను, ఎందుకంటే అది సరిగ్గా మన ఇంటి వాకిట్లోనే ఉంది. ఎంపీత్రీ శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది. ఒక్కో ఫ్రేములో 1,152 నమూనాలు, సుమారు 26 మిల్లీసెకన్లు. ఆ ముక్క మధ్యలో హఠాత్తుగా "టక్" మని ఒక దెబ్బ పడితే, కుదింపులో వచ్చిన తప్పు ఆ ముక్కంతా పరుచుకుని, దెబ్బకి ముందే ఒక మసక చప్పుడు వినిపిస్తుంది. ముందస్తు ప్రతిధ్వని అనొచ్చు. మంచి ఎన్‌కోడర్లు దీనికోసం ముక్కల్ని ఇంకా చిన్నవి చేస్తాయి, కానీ దానికి బిట్లు కావాలి. 64 దగ్గర ఎక్కడున్నాయి బిట్లు? పడమటి దేశాల్లో దీన్ని పరీక్షించడానికి స్పెయిన్ వాళ్ల కాస్టనెట్స్ చప్పుడు వాడతారు. మనకి కాస్టనెట్స్ ఎందుకు, హరిదాసు చేతిలో చిడతలు ఉన్నాయి. భజనలో తాళాలున్నాయి. బుర్రకథలో అందెలున్నాయి. తక్కువ బిట్‌రేట్‌లో ఎక్కించిన హరికథలు వినండి, చిడత పడ్డప్పుడల్లా గాజుపెంకుల మీద నడిచినట్టు ఉంటుంది. హరికథకుడి లయ మీద వ్యాసం రాద్దామని కూర్చున్నవాడికి అందులో ఏం దొరుకుతుంది?

ఇప్పుడు అసలు సాహిత్యం వాళ్లకి చెప్పాల్సిన మాట. 

"చాలా" అని రాస్తాం. పలికేటప్పుడు మా అమ్మమ్మ "ౘాలా" అనేది. దంత్యం. "చుక్క", "చుట్టం", "జొన్న", "జల్లెడ" అన్నీ అంతే. "చిలక", "చెట్టు", "జీతం" దగ్గరికి వచ్చేసరికి తాలవ్యం. ఈ రెంటికీ తేడా చూపించడానికి ౘ, ౙ అనే గుర్తులు పాత నిఘంటువుల్లో ఉన్నాయి. 2008లో యూనికోడ్‌లోకి కూడా వచ్చాయి. వాడేవాళ్లు లేరు. అచ్చులో మనం ఆ తేడాని వదిలేశాం. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాలాంటివాళ్లు పలకడం కూడా వదిలేస్తున్నారు. అంటే తెలుగులో ఒక ధ్వని ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం ఇక మిగిలేది ఒక్క రికార్డింగుల్లోనే.

ఆ దంత్య "ౘ"లో ఒక "స" లాంటి బుస ఉంటుంది. "స" బుసలోని బలం ఎక్కువగా 4,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. "శ" కొంచెం కిందనుంచి మొదలవుతుంది. పాత టెలిఫోను మోసేది 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే. అందుకే కదా ఫోన్లో పేరు చెప్పేటప్పుడు "ఎఫ్ కాదండీ, ఎస్, ఎస్ ఫర్ శ్రీను" అని మొత్తుకునేవాళ్లం. కీప్యాడ్ ఫోన్ల కాలంలో వాయిస్ రికార్డర్లు ఏఎంఆర్ ఫైళ్లు చేసేవి, అవీ ఆ టెలిఫోను వెడల్పే. ఆ రోజుల్లో అలా రికార్డు చేసిన తాతల గొంతులు ఎన్ని ఫోన్లలో ఉన్నాయో. వాటిల్లో ౘ ఎక్కడో, చ ఎక్కడో, శ ఎక్కడో, స ఎక్కడో చెవికి తేల్చుకోవడం కష్టం. మాట అర్థమవుతుంది, ఎందుకంటే మనకి తెలుగు వచ్చు, మిగతాది మన బుర్ర పూరిస్తుంది. "వినపడుతోందిగా" అన్నదాంట్లో ఉన్న మోసం అదే. వినపడటం లేదు, ఊహించుకుంటున్నాం. యాభై ఏళ్ల తర్వాత ఆ యాస ఎప్పుడూ విననివాడు దేన్ని ఊహించుకుంటాడు?

కథల్లో మాండలికం గురించి మన దగ్గర జరిగినన్ని గొడవలు ఇంకెక్కడా జరిగి ఉండవు. ఎవరి యాస అచ్చులోకి రావాలి, దీర్ఘం ఎక్కడ పెట్టాలి, సున్నా ఎక్కడ పెట్టాలి. మంచిదే. ఆ యాస నిజంగా మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే మాత్రం 64 కేబీపీఎస్!

ఇంతవరకు చదివి నా హైఫై మిత్రులు చప్పట్లు కొడుతుంటారు. ఆగండి, మీ వంతు కూడా ఉంది.

ఫార్మాట్ల గురించి పట్టించుకునే కొద్దిమందీ దాన్నొక భక్తి మార్గం చేసి పెట్టారు. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ తప్ప వినరు. కేబులు ధర నా బైకు ఈఎంఐ కంటే ఎక్కువ. వాళ్లకి నేను చెప్పేది ఏంటంటే, మీ చెవికి ఆ తేడా తెలియదు. నాకూ తెలియదు. ఒక ఆదివారం ఇళయరాజా పాట ఒకటి తీసుకుని, సీడీ నుంచి ఫ్లాక్ ఒకటి, దాన్నే 320 ఎంపీత్రీగా ఒకటి చేసి, ఏది ఏదో తెలియకుండా పదహారుసార్లు పరీక్ష పెట్టుకున్నాను. తొమ్మిది సరిగ్గా చెప్పాను. బొమ్మాబొరుసూ వేసుకున్నా అంతే వచ్చేది. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. హై రిజల్యూషన్ డిస్కుల్ని నేరుగా ఒకసారి, సీడీ నాణ్యతకి దించి ఒకసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు దాదాపు సగం. తర్వాత 2016లో జాషువా రీస్ అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి లెక్కేస్తే 52 శాతం చిల్లర తేలింది. ఆ రెండు శాతం కోసం నీల్ యంగ్ అంతటివాడు 2014లో పోనో అనే ప్లేయర్ పెట్టి, జనం దగ్గర 60 లక్షల డాలర్లకు పైగా సేకరించి, మూడేళ్లు తిరక్కుండానే మూసేశాడు.

ఇంకో తమాషా. టెలిగ్రాం గ్రూపుల్లో "పాత తెలుగు పాటలు, ఫ్లాక్, ఒరిజినల్ క్వాలిటీ" అని వస్తాయి. ఒకసారి ఇరవై పాటలు దించి స్పెక్ట్రం చూశాను. పద్నాలుగు పాటల్లో 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు శబ్దం ఆగిపోయింది. 128 ఎంపీత్రీ వదిలే ముద్ర అది. ఎవరో ఎంపీత్రీని తీసుకుని ఫ్లాక్ సీసాలో పోసి మూత పెట్టారు. పిప్పిని పట్టుబట్టలో చుట్టినంత మాత్రాన చెరుకైపోదు. కింద మాత్రం కామెంట్లు: "ఆహా, ఏం క్లారిటీ బ్రో!"

అయితే 24 బిట్ దండగా? వినడానికి దండగే. రికార్డు చేయడానికి కాదు. 16 బిట్‌కి నిశ్శబ్దానికీ గరిష్ఠానికీ మధ్య 96 డెసిబెళ్ల చోటు ఉంటుంది. మామూలు క్యాసెట్టుకి అరవై ఉంటే గొప్ప. కానీ ఎదుటి మనిషి ఎప్పుడు గొణుగుతుందో, ఎప్పుడు పకపకా నవ్వుతుందో మనకి ముందు తెలియదు. 24 బిట్‌లో అయితే లెవెల్ బాగా తగ్గించి పెట్టుకోవచ్చు, నవ్వినా పగలదు, గొణిగినా మునగదు. ఐఏఎస్ఏ అనే అంతర్జాతీయ సౌండ్ ఆర్కైవుల సంఘం దీని మీద ఒక పెద్ద మార్గదర్శకమే వేసింది, 2009లో రెండో ముద్రణ వచ్చింది. దాచుకునే ప్రతి ఏదైనా కనీసం 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, కుదింపు లేకుండా ఉండాలని అందులో ఉంది. వీలైతే 96 అంటారు. క్యాసెట్టులో ఉన్న మాటలకి 48 నాకు చాలనిపిస్తుంది. దానికంటే ముందు ప్లేయర్ హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, హెడ్డు వాలు టేపుకి సరిగ్గా సరిపోయేలా తిప్పించండి. ఆ చిన్న స్క్రూ తెచ్చే తేడా ముందు 192లు ఎందుకూ పనికిరావు.

ఇది ఖర్చు గురించిన గొడవ అనేవాళ్లకి ఒక లెక్క. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, మోనో, ఏమాత్రం కుదించకుండా వేవ్ ఫైలు. గంటకి 518 ఎంబీ. వంద గంటలకి 52 జీబీ లోపు. నా మిత్రుడి నలభై గంటలు నా ఫోన్లో ఉన్న పెళ్లి వీడియోల కంటే తక్కువ. ఫ్లాక్ చేస్తే ఇంకా తగ్గుతుంది. 2001లో జాష్ కోల్సన్ అనే ప్రోగ్రామర్ రాసిన ఫార్మాట్ అది. ఎవరి సొత్తూ కాదు, లైసెన్సు గొడవ లేదు, 2024 చివర్లో ఇంటర్నెట్ ప్రమాణంగా కూడా రాసిపెట్టారు. దాంట్లో నాకు నచ్చే చిన్న సంగతి, అసలు శబ్దానికి సంబంధించిన ఒక చెక్‌సమ్‌ని ఫైలు తనలోనే దాచుకుంటుంది. పదేళ్ల తర్వాత హార్డ్‌డిస్కులో ఒక్క బిట్టు చెడినా "నేను చెడ్డాను" అని చెప్పగలదు. మా అమ్మ పచ్చళ్ల జాడీలకి ఇలాంటిది ఉంటే బాగుండేది.

ఎవరి సొత్తూ కాకపోవడం అన్నది చిన్న విషయం కాదు. 2000ల మొదట్లో తెలుగు పాటలు పెట్టిన సైట్లు చాలావాటిల్లో రియల్ ఆడియో ఉండేది. ఆ ప్లేయరు గుర్తుందా? పాట మొదలవడానికి ముందు "బఫరింగ్" అంటూ మన ఓపిక పరీక్షించేది. ఇప్పుడు ఆ ఫైలు ఎవరికైనా ఇస్తే ఏం చేయాలో తెలియక తెల్లమొహం వేస్తారు. ఎంపీత్రీకి ఆ భయం లేదు. పేటెంట్ల గడువు తీరిపోయి 2017లో లైసెన్సులు అమ్మడం ఆపేశారు. అప్పుడు పత్రికలన్నీ "ఎంపీత్రీ చచ్చిపోయింది" అని రాశాయి. నిజానికి అది ఆ రోజే అందరిదీ అయింది.

నా పద్ధతి ఇది. దాచేది వేవ్ లేదా ఫ్లాక్. రెండు చోట్ల, వీలైతే రెండు ఊళ్లల్లో. పంచేది ఎంపీత్రీ, ఎందుకంటే మా బాబాయి కారులోనూ అదే పాడుతుంది, గుడి మైకు దగ్గరున్న పెన్‌డ్రైవ్ ప్లేయర్లోనూ అదే పాడుతుంది. డేటా తక్కువున్నవాళ్లకి ఓపస్. మాటలకి 32 కేబీపీఎస్‌లో కూడా చక్కగా ఉంటుంది, గంటకి 15 ఎంబీ దాటదు. వాట్సాప్ వాయిస్ మెసేజీలు వచ్చేది అందులోనే. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఫ్లాక్ పెడితే దాన్ని దాచి, వినడానికి ఎంపీత్రీ అదే తయారు చేసిస్తుంది. ఒకవేళ ఫోన్లో ముందే ఎం4ఏగానో ఎంపీత్రీగానో రికార్డయిపోతే, దాన్ని ఫ్లాక్‌గా మార్చి మురిసిపోవద్దు. ఆ వచ్చిన ఫైలునే ముట్టుకోకుండా దాచండి, అదే దాని ఒరిజినల్. నాయిస్ రిడక్షన్ ఏదైనా నకలు మీద చేయండి. ఇది మాత్రం నా తరపున బతిమాలుకోవడం.

పేర్ల గురించి కూడా ఒక మాట, ఇదీ ఫార్మాట్ గొడవే. ఎంపీత్రీకి మొదట్లో వచ్చిన ట్యాగుల్లో పేరుకి 30 బైట్లు ఇచ్చారు. ఇంగ్లీషులో ముప్పై అక్షరాలు. యూనికోడ్ తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు కాబట్టి పది గుర్తులు. గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్క. "శ్రీరంగం శ్రీనివాసరావు" అని రాయబోతే "శ్రీరంగం" దాటి ఇంకో అడుగు పడేది కాదు. తర్వాతి ట్యాగుల్లో ఈ ఇబ్బంది పోయింది, ఫ్లాక్‌లోనూ లేదు. ఇబ్బంది పోయినా మన అలవాటు పోలేదు. "ట్రాక్ 07, అన్‌నోన్ ఆర్టిస్ట్". ఎవరు పాడింది, ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు రికార్డు చేశారు, ఆమె ఎవరి దగ్గర నేర్చుకుంది. ఇవేవీ లేని జానపద గీతాల ఫోల్డర్లు నా దగ్గరే పదిహేను ఉన్నాయి. పాడినావిడకి ఒక పేరు ఉండే ఉంటుంది కదా.

"ఆకాశవాణి అంతటి సంస్థే ఎన్నో టేపులు పోగొట్టుకుంది, మనమెంత" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్లో మొదలైంది. ఆ మొదటి దశాబ్దాల్లో టేపు ఖరీదైన వస్తువు, చెరిపి మళ్లీ వాడుకోవడం ఏ రేడియోలోనైనా మామూలే. బీబీసీ కూడా తన కార్యక్రమాలు అలాగే చెరుపుకుంది. వాళ్లకి నిజంగా చోటు లేదు, డబ్బు లేదు. మనకి చోటుంది. సంవత్సరానికి ఒక ఫోను మారుస్తున్నాం. ఇక ఆ సాకు మనకెలా చెల్లుతుంది?

ఇదంతా రాసి, పంపేముందు ఆ మిత్రుడికే చూపించాను. పేరు పెట్టలేదు కదా అని ముందు అది చూసుకున్నాడు. తర్వాత రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మెసేజ్ పెట్టాడు: "ఆ వేవ్ సెట్టింగ్ ఎక్కడుంటుంది?" స్క్రీన్‌షాట్ పంపాను. నలభై గంటల్లో కొందరి దగ్గరికి మళ్లీ వెళ్తానన్నాడు. ఇద్దరు పోయారట ఈలోపే.

పోయిన ఆదివారం ఒక ఫైలు పంపించాడు, వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా, చెప్పినట్టే డాక్యుమెంట్‌గా. నరసన్నపేట దగ్గర ఒకావిడ, వడ్లు దంచే పాట. వెనకాల ఎక్కడో కోడి, దూరంగా ట్రాక్టరు, మధ్యలో ఆవిడ ఊపిరి పీల్చుకోవడం. ఫైలు పేరు "న్యూ రికార్డింగ్ 14". ఫోన్ చేసి ఆవిడ పేరేంటని అడిగాను. డైరీలో రాసుకున్నానన్నాడు, డైరీ ఇంట్లో ఉందట.